బూడిద గుంటలో మనిషి

ఆవిరి ఇంజను అందాన్ని కాదనేవాళ్ళు తక్కువ. కానీ అది ఒక్కరోజు పరుగెత్తాలంటే చేయాల్సిన ఊడిగం మామూలుది కాదు. షెడ్డుకి చేరగానే నిప్పుగూట్లో గడ్డకట్టిన చిట్టెం పొడిచి, బూడిదంతా పట్టాల కింది గుంటలోకి దించాలి. బొగ్గు వెయ్యాలి, నీళ్ళు పట్టాలి, చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లడానికి ఆరబెట్టిన ఇసుక నింపాలి. చల్లారితే మళ్ళీ ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది కనక రాత్రంతా ఎవరో ఒకరు ఆ నిప్పుని కాచుకు కూర్చోవాలి. డీజిల్ వచ్చాక ఈ పనుల్లో చాలామటుకు పోయాయి. చివరిదాకా ఆవిరిని పట్టుకు వేలాడిన నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ కంపెనీ కూడా 1960లో వదిలేసింది.

ఆ పనుల కోసం కట్టిన కట్టడాలనే నేను మా బేస్‌మెంటులో మళ్ళీ కడుతున్నాను. బొగ్గు టవరు, నీళ్ళ ట్యాంకు, ఇసుక గది, బూడిద గుంట, టర్న్‌టేబుల్, దాని చుట్టూ విసనకర్రలా విచ్చుకున్న రౌండ్‌హౌస్. 1943 నాటి మిడ్‌వెస్ట్ యార్డు అనుకోండి. హెచ్.ఓ. స్కేలు, అంటే అసలులో 87వ వంతు. నూరడుగుల టవరు 35 సెంటీమీటర్లకి దిగుతుంది, ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్లకి. బరువు లెక్క వేరు. 87ని మూడుసార్లు హెచ్చవేయాలి. 200 టన్నుల ఇంజను 300 గ్రాములకి వస్తుంది, ఓ మోస్తరు దోసకాయంత!

కొలతలు తగ్గించడానికి లెక్కలున్నాయి. ఏది వదిలెయ్యొచ్చో చెప్పే లెక్క మాత్రం లేదు.

ఈ హాబీలో రివెట్లు లెక్కపెట్టేవాళ్ళని ఓ జాతి ఉంది. నిచ్చెనకి ఒక మెట్టు తక్కువైతే మొహం మీదే చెప్తారు. కాంక్రీటు మీద తడి చార ఎటు కారాలో, తుప్పు ఎక్కడ ముదరాలో గంటలు గంటలు వాదిస్తారు. నాకు వాళ్ళంటే గౌరవమే; కోడ్ రివ్యూలో అలాంటివాడు ఒక్కడుంటే ప్రాజెక్టు బతుకుతుంది. కానీ అంత నిక్కచ్చిగా కట్టిన యార్డుల్లో చాలాసార్లు పనివాడు కనపడడు. ఇంజన్లు వాటంతటవే శుభ్రపడినట్టు ఉంటాయి.

రంగుల కోసం మేమంతా చూసే ఫోటోలు కొన్ని ఉన్నాయి. జాక్ డెలానో అనే ఆయన యుద్ధకాలంలో ప్రభుత్వం కోసం తీసిన కలర్ ఫోటోలు, ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. 1942 డిసెంబరులో షికాగోలో, బొగ్గు టవరు దగ్గర బూడిద గుంట మీద నిలబడ్డ ఇంజన్లది ఒకటి. 1943 ఏప్రిల్లో అయోవా రాష్ట్రం క్లింటన్‌లో తీసింది ఇంకొకటి. అందులో వయోలా సీవర్స్ అనే ఆవిడ ఒక మహా ఇంజనుకి ఆవిరితో స్నానం చేయిస్తోంది. మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆ పనికి ఆడవాళ్ళు వచ్చారు. ఆ ఫోటో చూసి ఇంజను నలుపు ఎంత గాఢంగా ఉండాలో మాత్రమే నేర్చుకోవడం సాధ్యమే. సాధ్యం కావడమే నన్ను ఇబ్బంది పెడుతుంది.

దక్షిణాది యార్డు కట్టేవాడికి ఇంకా చిక్కు. అక్కడ నల్లవాళ్ళు ఫైర్‌మన్లుగా బొగ్గు వేశారు కానీ వాళ్ళని డ్రైవర్లు కానివ్వలేదు. వాళ్ళని సభ్యులుగా చేర్చుకోని యూనియనే వాళ్ళ తరఫున కూడా ఒప్పందాలు చేసేది. ఆ యూనియన్ వాళ్ళకీ న్యాయం చెయ్యాలని 1944లో స్టీల్ అనే ఫైర్‌మన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రివెట్ల దగ్గర ‘యథాతథం’ అని పట్టుబట్టినవాడు ఇక్కడికొచ్చేసరికి ‘ఇది ఆటేగా’ అంటే ఒప్పుకోవడం కష్టం.

ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. ‘పార పైకెత్తి ఏళ్ళ తరబడి అలాగే బిగుసుకుపోయిన ప్లాస్టిక్ బొమ్మ పెడితే అది గౌరవమా? ఒకరి చాకిరీని నీ బల్లమీద అలంకారం చేసుకోవడం కాదూ? యార్డు ఖాళీగా వదిలెయ్. గోడకి ఓ పార ఆనించు. చూసేవాడు మనిషిని ఊహించుకుంటాడు.’ ఇది తీసిపారేసే మాట కాదు. కానీ పారని చూసి మనిషిని ఊహించేది ఆ పార పట్టినవాళ్ళే. మిగతావాళ్ళకి అది అందమైన పార.

మా పెద్దమామయ్య బిట్రగుంట లోకోషెడ్డులో ఖలాసీగా చేశాడు. తుప్పు, మసి రంగుల పొడులు ఇక్కడ చిన్న చిన్న డబ్బాల్లో అమ్ముతారని ఫోన్‌లో చెప్తే చాలాసేపు నవ్వాడు. “ఏందబ్బయా, మసి గూడా కొంటారా ఆడ?” అన్నాడు. తర్వాత, “గుంట కట్టినావు సరే, దాంట్లోకి ఎవురు దిగతారు?” అని అడిగాడు. ఎగతాళి కాదు. ఆయనకది ఉద్యోగపు ప్రశ్న.

బొమ్మల కొలువులో దుకాణం పెడితే తక్కెడతో శెట్టి బొమ్మనీ కూర్చోబెట్టేది మా అమ్మ. మనిషి లేని అంగడి ఆవిడకి అర్థమయ్యేది కాదు. ఆ బొమ్మ ముక్కు చెక్కేసి ఉండేది, తక్కెడ ఎప్పుడూ ఒకవైపే వాలేది. నిక్కచ్చితనం ప్రకారం అది పాసవదు. అయినా అక్కడ బియ్యం ఎవరమ్ముతున్నారో ఎవరికీ సందేహం రాలేదు.

నేను కొన్న బొమ్మల సెట్టులో డ్రైవరున్నాడు, గార్డున్నాడు, గడియారం చూసుకునే పెద్దమనిషీ ఉన్నాడు. వంగినవాడు ఒక్కడూ లేడు. గడియారం ఆయన్ని నడుం దగ్గర సన్నరంపంతో కోసి, ముందుకి వంచి అతికించాను. కోటు గీకేసి పనిబట్టలు చేశాను. గుంటలో దింపితే పైకి కనపడేది వీపూ, టోపీ, పార కర్రా. రౌండ్‌హౌస్ గుమ్మంలో ఆవిరి గొట్టంతో నిలబడే ఆవిడ ఇంకా తయారు కావాలి. గొట్టానికి తగినంత సన్నని తీగ దొరకడం లేదు.