నిష్కామకర్మ, మెషిన్ డిజైన్

కర్మఫలం మీద ఆశ వదులుకొమ్మన్న గీతాబోధకు ఇంజనీరింగు చదువు పెద్ద సవాలుగా కనిపిస్తుంది. బాయిలరు పేలకూడదు, ఇరుసు విరగకూడదు, బ్రేకు పడాలి. ఇవన్నీ ఫలితాలే. వాటిని పట్టించుకోని ఇంజనీరు చేతిలో ఎవరి ప్రాణానికీ భరోసా లేదు. కనుక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు మెకానికల్ ఇంజనీరింగు చదివే విద్యార్థికి ఆ బోధ పూజగదిలో పనికొస్తుందేమో గాని డ్రాయింగు బల్ల దగ్గర పనికిరాదని కొందరంటారు. ఈ వాదన ఒక తేడాను మరిచిపోతోంది. పని వల్ల చేసినవాడికి దక్కేది ఒక ఫలం, అదే పని వల్ల లోకానికి జరిగేది మరో ఫలం. గీత వదలమన్నది మొదటిదాని మీది ఆశను. రెండోదాని విషయంలో ఆ గ్రంథం చాలా కఠినంగా ఉంటుంది. పర్యవసానాన్ని, నష్టాన్ని, హింసను, తన సామర్థ్యాన్ని చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టిన పనిని పద్దెనిమిదో అధ్యాయం తామసకర్మ అంటుంది. ఫలాపేక్ష లేని పనిని సాత్త్వికమన్నదీ ఆ అధ్యాయమే. రెంటినీ కలిపి చదివితే, స్వలాభం మీద ఆశ వదలడానికీ పర్యవసానానికి జవాబుదారీ కావడానికీ విరోధం లేదని తెలుస్తుంది. మెకానికల్ చదువు ఈ ధర్మాన్ని చేతలతో నేర్పగలదని నా నమ్మకం.

అందులోని పాఠాలే ఇందుకు సాక్ష్యం. లోహం ఎంత బరువుకు తెగుతుందో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో నేర్చుకున్న విద్యార్థికి, ఆ జ్ఞానం ఒక్కటే చాలదని మెషిన్ డిజైన్ చెబుతుంది. 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు జరిపాడు. ఒక్కసారి పడితే ఇరుసు సులువుగా మోసే బరువే లక్షలసార్లు పడితే దాన్ని విరిచేస్తుందని, అంటే లోహమూ అలసిపోతుందని చూపించాడు. ఇది తెలిశాక దాదాపు వందేళ్లకు, 1954లో, రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే ముక్కలయ్యాయి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీటితొట్టిలో ఉంచి, క్యాబిన్‌లో పీడనాన్ని మళ్లీ మళ్లీ పెంచి తగ్గిస్తే లోహపు అలసట బయటపడింది. దాన్ని రూపొందించినవారు పరీక్షలు ఎగ్గొట్టినవారు కారు, వాళ్ల పరీక్షలకు అందనిది మిగిలిపోయింది. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అవసరం ఇలాంటి చోటే తెలుస్తుంది. లోహంలో కనబడని లోపం, ఊహించని బరువు, వాడేవాడి పొరపాటు, వీటన్నిటి కోసం ఇంజనీరు ముందే చోటు వదిలిపెడతాడు. నా లెక్క తప్పు కావచ్చు, దానికి మరొకరు ప్రాణం చెల్లించకూడదు అన్న వినయం అక్కడ అంకెగా మారుతుంది.

చేసినవాడికి దక్కే ఫలమూ లోకానికి జరిగే ఫలమూ ఢీకొన్నప్పుడు ఏమవుతుందో 1986 చెబుతుంది. ఛాలెంజర్ వ్యోమనౌకకు బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకోల్‌లో రోజర్ బోజొలే మెకానికల్ ఇంజనీరు. బూస్టర్ అతుకుల్లోని ఓ-రింగుల లోపాన్ని సరిదిద్దకపోతే ప్రాణాలు పోతాయని 1985లోనే సంస్థకు రాశాడు. ప్రయోగానికి ముందు, జనవరి 27 రాత్రి, చలికి ఆ రింగులు సరిగా పనిచేయవు కనుక ప్రయోగం వద్దని ఆయనా సహచరులూ వాదించారు. యాజమాన్యం వాళ్ల సిఫారసును మార్చేసింది. మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకే నౌక ముక్కలై ఏడుగురు చనిపోయారు. విచారణలో జరిగింది చెప్పాక ఆయన సంస్థలో ఒంటరివాడయ్యాడు. తన హోదాను పక్కన పెట్టగలిగాడు కనుకనే ఇతరుల ప్రాణాల గురించి తడబడకుండా మాట్లాడాడు. ప్రయోగం ఆగలేదని ఆ మాట వృథా కాదు. చెప్పడం ఆయన కర్తవ్యం, ఆయన చెప్పాడు.

దీనికి ధర్మచింతన ఎందుకు, నిబంధనలు చాలవా అని అడగవచ్చు. నిబంధనల విలువ తక్కువది కాదు. 1905లో మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో బూట్ల కర్మాగారం బాయిలరు పేలి 58 మంది చనిపోయాక ఆ రాష్ట్రం బాయిలరు నిబంధనలను చట్టం చేసింది, తర్వాత అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం కోడ్ వచ్చింది. అయితే నిబంధన జరిగినదాని నుంచి పుడుతుంది. ఇంకా జరగనిదాన్ని ముందే చూసి వద్దనడానికి మనిషి కావాలి. మరో ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది. అప్పుచేసి చదివించే తల్లిదండ్రులున్న విద్యార్థిని ఉద్యోగం మీద ఆశ వదలమనడం అన్యాయం కాదా? బతుకుతెరువు కోరడం తప్పు కాదు. ఆ కోరిక పనిని అబద్ధంగా మార్చినప్పుడే చిక్కు. యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్ మీద ఉక్కు కడ్డీని తెంచి చూడకుండా పాత బ్యాచ్ రికార్డులోంచి రీడింగులు దించుకునే అలవాటు మన కళాశాలలకు కొత్త కాదు. అలా దించేవాడు వదలాల్సిన మార్కును పట్టుకుని, పట్టుకోవాల్సిన నిజాన్ని వదిలేస్తున్నాడు. రికార్డే కదా అని సర్దుకున్న చెయ్యే రేపు తనిఖీ నివేదిక మీద సంతకం పెడుతుంది.

అందువల్ల విలువల బోధను వేరే పేపరుకు అప్పగించి ఊరుకుంటే సరిపోదు, డిజైన్ తరగతిలో, ల్యాబులో అది జరగాలి. లెక్కతో కుదరని రీడింగును ఉన్నదున్నట్టు రాసిన విద్యార్థికి మార్కు తగ్గకూడదు, ఎందుకు కుదరలేదో అతణ్ణి ఆలోచింపజేయాలి. దేవుణ్ణి నమ్మని విద్యార్థికీ ఈ శిక్షణ అంతే అవసరం, ఎందుకంటే ఇక్కడ పరీక్షకు నిలబడేది విశ్వాసం కాదు, నడత. తనకేం దక్కుతుందన్న చింత తగ్గినకొద్దీ తన పని ఎవరికేం చేస్తుందన్న ఎరుక పెరుగుతుంది. ఆ ఎరుక కలగనిదే ఎన్ని మార్కులతో పట్టా వచ్చినా మెకానికల్ చదువు పూర్తయినట్టు కాదు.