వేగులవారు

వాక్యభాగము: సంఖ్యాకాండము 13వ అధ్యాయము



గూఢచారి యనగానే మన యౌవనస్థులకు సినిమా జ్ఞాపకమునకు వచ్చును. నల్లకోటు, తుపాకి, పరుగెత్తు కారు! పరిశుద్ధ గ్రంథములోని వేగులవారియొద్ద ఇవి యేవియు లేవు. నిజము చెప్పవలెనన్న, నేడు దేశ ప్రభుత్వముల వేగు శాఖలలో పనిచేయు వారిలోను అనేకులు బల్లయొద్ద కూర్చుండి కాగితములు చదువువారే. వారి పనికి నాలుగు మెట్లు కలవు. ఏమి తెలిసికొనవలెనో పాలకుడు అడుగును. వీరు దానిని సమకూర్చుదురు. సమకూర్చినదానిని తూచి చూచుదురు. పిమ్మట పాలకునికి విన్నవించుదురు. ఈ నాలుగును మోషే దినములలోనే కనబడుచున్నవి.

మోషే పండ్రెండుగురిని ఊరక పోయి చూచి రమ్మని పంపలేదు. ఆ జనులు బలవంతులా బలహీనులా, కొద్దిమందియా అనేకులా, గుడారములలో నున్నారా కోటలలో నున్నారా, నేల సారమైనదా నిస్సారమైనదా, చెట్లున్నవా లేవా అని యొక్కొక్కటిగా అడిగి పంపెను. ఆ నేల పండ్లు కొన్ని తెమ్మనెను. చేను కౌలుకు తీసికొనబోవు రైతు అడుగు ప్రశ్నలు ఇవియే గదా. వారు నలువది దినములు తిరిగిరి. ఎష్కోలు లోయలో ఒక్క ద్రాక్షగెల కోసి, ఇద్దరు మనుష్యులు కఱ్ఱమీద మోసికొని వచ్చిరి.

ఇప్పుడు జాగ్రత్తగా చదువుడి. పదిమంది అబద్ధములాడిరని మనము బోధించుచుందుము. అయితే వారు మొదట చెప్పినదానిలో అబద్ధమేమున్నది? భూమి మంచిది, నిజము. పట్టణములకు ప్రాకారములున్నవి, నిజము. అనాకీయులున్నారు, అదియు నిజమే. కాలేబు ఈ సంగతులలో ఒక్కదానినైన కాదనలేదు. పండ్రెండుగురి కన్నులు ఒక్కటే చూచినవి. తూచుటలోనే భేదము వచ్చెను. పదిమంది ఆ జనుల బలమును తూచిరి గాని, తమ్మును ఐగుప్తునుండి రప్పించినవానిని తక్కెడలో వేయలేదు. తరువాత తమ భయమును కూడ వార్తలో కలిపిరి. మేము మిడతలవలె నుంటిమి, వారి దృష్టికిని అట్లే యుంటిమి అనిరి. మా దృష్టికి మిడతలవలె నుంటిమనుట వారి మనస్సు సంగతి, దానిని ఒప్పుకొనవచ్చును. అయితే అనాకీయుల దృష్టికి ఎట్లుండిరో వీరికెట్లు తెలిసెను? ఆ ఉన్నత దేహులను నిలిపి అడిగిరా? కన్నులతో చూచినది వేరు, మనస్సులో తలంచుకొన్నది వేరు. ఈ రెంటిని వేరుపరచి చెప్పుటయే వేగు పనిలో మొదటి నియమమని ఆ పని యెరిగినవారు నేటికిని నేర్పుచున్నారు. ఆ రెండు కలిసిపోయినందున ఒక జనాంగము నలువది సంవత్సరములు అరణ్యములో తిరుగవలసి వచ్చెను.

యెహోషువ ఆ పండ్రెండుగురిలో ఒకడు. అతడు ఆ దినమును మరువలేదని నాకు తోచుచున్నది. తన వంతు వచ్చినప్పుడు షిత్తీమునుండి పండ్రెండుగురిని గాక ఇద్దరిని పంపెను, అదియు రహస్యముగా. వారు తిరిగి వచ్చి సమాజమంతటి యెదుట కేకలు వేయక, అతనియొద్దకు వచ్చి చెప్పిరి. వారు దిగిన యిల్లు చూడుడి: ప్రాకారముమీది యిల్లు, పరదేశులు వచ్చుచు పోవుచుండు చోటు. మిద్దెమీద ఆరవేసిన జనుపకట్టె క్రింద దాగిరి. తరుమువారు యొర్దాను రేవులవైపు పోగా వీరు కొండలలో మూడు దినములుండిరి. గురుతు ఎఱ్ఱని దారము. ఆశ్రయమిచ్చు ఇల్లు, తప్పించుకొను త్రోవ, ముందుగా ఏర్పరచుకొన్న గురుతు, ఇవి నేటి వేగులవారికిని కావలసినవే. రాహాబు ఆడిన అబద్ధమును గూర్చి కొందరు నన్నడుగుదురు. ఆమె విశ్వాసమును లేఖనము పొగడినది, అబద్ధమును పొగడలేదు. అంతకంటె ఎక్కువ నేను చెప్పను.

వినువాని తప్పును గూర్చి మనము తక్కువగా బోధించుచున్నాము. వేగు తెచ్చినవాడు సరిగానే తెచ్చినను వినువాడు చెవి మూసికొనవచ్చును. రిచర్డ్ సోర్గే యను జర్మనీయుడు 1933లో పత్రికా విలేఖరిగా జపానుకు వెళ్లెను. లోపల అతడు సోవియెట్ రష్యాకు వేగువాడు. టోక్యోలోని జర్మనీ రాయబారితో అతనికి గాఢ స్నేహము. హిట్లరు సేనలు రష్యామీదికి రానున్నవని అతడు 1941లో మాస్కోకు వార్తలు పంపెను. ఇతరులును పంపిరి. స్టాలిను నమ్మలేదు. జూన్ 22న సేనలు రానే వచ్చెను. సోర్గే ఆ అక్టోబరులో జపానులో పట్టుబడి, 1944 నవంబరు 7న ఉరితీయబడెను. రష్యావారు 1964లో గాని అతనిని వీరుడని ఒప్పుకొనలేదు.

ఇటువంటి సంగతియే యిర్మీయా 40వ అధ్యాయములో నున్నది. మనము దానిని చదువుట అరుదు. యెరూషలేము పాడైన తరువాత మిగిలిన బీదజనులమీద గెదల్యా అధికారిగా నియమింపబడెను. అమ్మోనీయుల రాజు ఇష్మాయేలును నిన్ను చంపుటకు పంపియున్నాడని యోహానాను వచ్చి చెప్పెను. గెదల్యా నమ్మలేదు. రహస్యముగా పోయి నేనే ఇష్మాయేలును చంపెదనని యోహానాను అనగా, నీవు అబద్ధమాడుచున్నావు, ఆ పని చేయవద్దనెను. ఏడవ నెలలో ఇష్మాయేలు పదిమందితో మిస్పాకు వచ్చి, అతని బల్లయొద్ద భోజనము చేసి, అతనిని చంపెను. గెదల్యా మంచివాడని నేను తలంచుచున్నాను. విచారణ లేకుండ ఒకనిని చంపనియ్యకపోవుట న్యాయమే. అయితే చంపుటకును ఊరకుండుటకును మధ్య విచారించుట యను మార్గమొకటి యున్నది. తన ప్రాణమొక్కటే అయిన యెడల అతడు ఎంతైన నమ్మవచ్చును. శేషించిన జనులందరు అతని చేతిలో నుండిరి. సంఘ పెద్దలు దీనిని రెండుమారులు చదువవలెనని నా మనవి.

దావీదు వర్తమానికులను గూర్చి తలంచినప్పుడెల్ల నాకు సంతోషము కలుగును (2 సమూ. 17). తండ్రిమీద అబ్షాలోము తిరుగబడిన దినములవి. దావీదు స్నేహితుడైన హూషై అబ్షాలోము ఆలోచన సభలో కూర్చుండి విని, యాజకులైన సాదోకు అబ్యాతారులకు చెప్పును. వారు ఒక పనికత్తెకు చెప్పుదురు. ఆమె ఏన్‌రోగేలు దగ్గర కనిపెట్టుకొనియున్న యాజకుల కుమారులకు చెప్పును. వారు పరుగెత్తి దావీదుకు చెప్పుదురు. గొలుసు కడియములవలె ఒకరినొకరు పట్టుకొనియున్నారు. పట్టణములో ఎవరి కన్నును పడనిది ఆ పనికత్తెయే. నీళ్లకు పోవుదానివలె పోయియుండును. ఇది నా ఊహ, లేఖనము చెప్పలేదు. ఆమె పేరైనను వ్రాయబడలేదు. ఒక పడుచువాడు ఆ ఇద్దరిని చూచి అబ్షాలోముకు చెప్పగా, వారు బహూరీములో ఒకని యింటి ముంగిట బావిలో దిగిరి. ఆ యింటి ఇల్లాలు బావిమీద గుడ్డపరచి ధాన్యము ఆరబోసెను. వెదకువారు వచ్చి చూచి పోయిరి. ధాన్యము ఆరబోసిన వాకిలిని మన ఊరిలో మాత్రము ఎవరు అనుమానింతురు? దావీదును అతని జనులందరును తెల్లవారకముందే యొర్దాను దాటిరి.

ఇంతవరకు శత్రువునుగూర్చిన వేగు. దేశము తన ప్రజలమీదనే వేగులవారిని పెట్టిన యెడల ఏమగునో తూర్పు జర్మనీ చూచెను. అచ్చట 1950లో స్టాసీ యను రహస్య శాఖ ఏర్పడెను. 1989 నాటికి దానిలో జీతము తీసికొను ఉద్యోగులు సుమారు 91,000. ఇరుగుపొరుగువారిని గూర్చి వార్తలు మోయువారు సుమారు 1,89,000. దేశ జనాభా కోటి అరువది లక్షలు మాత్రమే. అనగా అరువదిమందికి ఒకడు కంటె ఎక్కువ. వారు ఉత్తరములను ఆవిరిపట్టి తెరచి, చదివి, మరల అంటించిరి. విచారణకు పిలువబడినవాడు కూర్చున్న కుర్చీమీది గుడ్డను గాజు జాడీలో పెట్టి మూతవేసిరి, అవసరమైనప్పుడు కుక్కకు వాసన చూపుటకు! మనము ఆవకాయ జాడీ దాచుకొన్నట్లు వారు మనుష్యుల వాసన దాచుకొనిరి. సంఘములను కనిపెట్టుటకు ప్రత్యేకముగా ఒక విభాగముండెను. సంఘ పరిచారకులలోను కొందరు వార్తలు మోసిరి. ఇది దాచదగినది కాదు. ఆ దేశ సంఘములే తరువాత దుఃఖముతో ఒప్పుకొన్నవి.

మనుష్యుడు ఇట్టి పనికి ఎట్లు లోబడును? డబ్బు ఒక కారణము. దెలీలాకు ఫిలిష్తీయుల సర్దారులు ఒక్కొక్కరు 1,100 వెండి నాణెములిత్తుమనిరి, ఇస్కరియోతు యూదాకు ముప్పది. అయితే డబ్బు తీసికొనువారికంటె భయపడినవారు అనేకులు. వాని తప్పు ఒకటి అధికారి చేతిలో నుండును. లేదా కుమారునికి కాలేజీలో సీటు కావలెను. కొందరు దేశసేవయని నమ్మియే చేసిరి. కొందరిని పొగడ్త పట్టుకొనెను: ఎవరును నన్ను లెక్కచేయరు గాని ఈ పెద్దమనిషి నా మాట వ్రాసికొనుచున్నాడు గదా! ఈ చివరిదానిని గూర్చి నాకు ఎక్కువ భయము. మన ఊళ్లలో చాడీలు మోయువారికి ఎవరును రూపాయి ఇచ్చుట లేదు. ఇచ్చునది శ్రద్ధగా వినెడి చెవి మాత్రమే.

ఆ ప్రభుత్వము కూలిపోవుచుండగా స్టాసీవారు కాగితములు చింపుటకు మొదలుపెట్టిరి. ప్రజలు కచేరీలలో చొరబడి ఆపిరి. బెర్లినులోని ముఖ్య కచేరీలోనికి 1990 జనవరి 15న ప్రవేశించిరి. వరుసగా నిలిపిన యెడల 111 కిలోమీటర్ల పొడవు కాగితములు, చింపిన ముక్కల గోతములు వేలకొలది దొరికెను. 1991లో చట్టముచేసి, 1992 జనవరినుండి ఎవని ఫైలు వానికి చదువనిచ్చిరి. తనమీద వార్తలు మోసినవాని అసలు పేరు అడిగి తెలిసికొనవచ్చును. ఒక స్త్రీ, పిమ్మట శాసనసభ సభ్యురాలు, తన్నుగూర్చి చెప్పినది తన భర్తయేనని చదివెను. కొందరు పేరు అడిగిరి. కొందరు అడుగక, తెరచి చూడక, ఇంటికి పోయిరి. ఎవరు సరిగా చేసిరో నేను తీర్పు తీర్చలేను.

మన సంఘములలో పెద్దల కూటములో పలికిన మాట తెల్లవారకముందే చెరువుగట్టు చేరుచున్నదని అనేకులు దుఃఖపడుచున్నారు. పిమ్మట ఎవడు మోసెనని వెదకుట మొదలగును. ఈ వెదకుట మోసినదానికంటె చెడ్డదగును. ఒకని యింటికి కొత్త రేకులు వేసినను, ఎక్కడి డబ్బని అడుగుదురు. సంఘములో ప్రవేశించిన కపట సహోదరులను గూర్చి పౌలు గలతీయులకు వ్రాసియున్నాడు, వారు లేరని నేననను. ప్రభువునొద్దకును నీతిమంతులవలె నటించు వేగులవారు వచ్చిరని లూకా 20లో నున్నది. ఆయన వారిని తరుమలేదు. దేనారము చూపుమని అడిగి, అందరి యెదుట ఉత్తరమిచ్చెను. తన్ను అప్పగించువాడెవడో యెరిగియు పండ్రెండుగురిమీద పండ్రెండు కన్నులు పెట్టలేదు. అతని కాళ్లు కడిగెను. ప్రధానయాజకుడు విచారించినప్పుడు, తాను రహస్యముగా ఏమియు పలుకలేదు, విన్నవారిని అడుగుమనెను.

కాబట్టి పెద్దలారా, కానుకల లెక్క నెలనెల బిగ్గరగా చదువుడి. ఎరువుల అప్పు, పాఠశాల మరమ్మతు, పాస్టరు జీతము, అన్నియు చదువుడి. నా జీతము చదివినందువలన నాకు సిగ్గులేదు. గుడిలో చదివిన లెక్కను చెరువుగట్టుకు మోయుటకు ఎవడు శ్రమపడును? ఒక కుటుంబపు కన్నీటి సంగతి మాత్రము వేరు. అది కూటములో పెట్టకుడి, వ్రాతలో పెట్టకుడి, పాస్టరుయొద్దనే ఉండనియ్యుడి.

తూర్పు జర్మనీలో లైప్సిగ్ పట్టణమందు పరిశుద్ధ నికొలాసు దేవాలయము కలదు. 1982నుండి ప్రతి సోమవారము సాయంకాలము అచ్చట సమాధానము కొరకు ప్రార్థన జరుగుచుండెను. స్టాసీ మనుష్యులు కూర్చుండి వినుచున్నారని పాస్టరు క్రిస్టియన్ ఫ్యూరర్‌గారికి తెలియును. అందరికి తెరచియున్నదని వ్రాసిన పలక ఆ గుడియొద్ద నుండెను, దానిని తీయలేదు. 1989 అక్టోబరు 9న కాల్పులు జరుగునని పట్టణమంతయు భయపడుచుండగా, ప్రార్థన చేయువారికి చోటు లేకుండ చేయవలెనని పార్టీవారు తమ మనుష్యులను సుమారు 600 మందిని మధ్యాహ్నము రెండు గంటలకే పంపి బల్లలు నింపిరి. పాస్టరుగారు వారిని లేపలేదు. మిగిలినవారు పై అంతస్థులలో కూర్చుండిరి. అయిదు గంటలకు కొండమీది ప్రసంగములోని ధన్యవచనములు చదువబడెను. పంపబడినవారు కూడ మొదటినుండి చివరివరకు కూర్చుండి వినిరి. తలుపులు తెరచునప్పటికి వెలుపల వీధులు నిండియుండెను. క్రొవ్వొత్తులు పట్టుకొని ఆ రాత్రి నడచినవారు సుమారు 70,000. ఒక్క తుపాకియు పేలలేదు.