ఏకాంతమును స్వామ్యమును

పట్టణవాసము మనస్సును నలిపివేయును. వారమంతయు హైదరాబాదున శ్రమించిన కుటుంబములు శని, ఆదివారములందు సూర్యలంక తీరమునకో భీమునిపట్టణమునకో పోవనెంచుట తప్పుగాదు. విశ్రాంతి విలాసము గాదు, కర్మకు ఆధారము. అయితే మనలో ననేకులు విశ్రాంతితో తృప్తిపడక, ఇతరులు కాలిడని స్వంత తీరముగల విడుదులను వెదకుచున్నారు. ఇది న్యాయమేనా యని విచారింపవలసియున్నది.

ఏకాంతము వేఱు, స్వామ్యము వేఱు. వేకువను నిర్జనమైన యిసుకపై గూర్చుండువాడు ఏకాంతము ననుభవించును. అచ్చట కంచె వేయించువాడు ఇతరుల దారి నపహరించును. ఆ యిసుక జాలరులకు పనిచోటు. అలివి వలను ఇరుప్రక్కల త్రాళ్ళు పట్టి యొడ్డునకు లాగుటకు విశాలమగు తావు కావలెను. పడవలు నిలుపుటయు, వలలు బాగుచేయుటయు, చేపల నెండబెట్టుటయు అచ్చటనే. మన రెండుదినముల సుఖమునకై వారి నిత్యజీవనము నడ్డగింపదగునా?

సముద్రమును, దాని తీరమును సర్వజనులకు సామాన్యములని రోమక చక్రవర్తి జస్టీనియను 533లో వెలువరించిన శాసనగ్రంథము చెప్పుచున్నది. మన సర్వోన్నత న్యాయస్థానము 1996లో బియాస్ నదికి సంబంధించిన వ్యాజ్యమున ఆ న్యాయమునే స్వీకరించి, సముద్రతీరమును గూడ పేర్కొని, ప్రభుత్వము వీనికి ధర్మకర్తయని తీర్పు చెప్పెను. ధర్మకర్తయే అమ్మరాని దానిని మనమెట్లు కొనగలము?

కావున గదిని అద్దెకు తీసికొందము, తీరమును కోరకుందము. జనసమ్మర్దము లేని దినముల నెంచుకొందము. వల లాగువారికి దారి విడిచి కూర్చుండుట మన బిడ్డలకు నేర్పుదము. అట్టి విశ్రాంతియే నిర్దోషము.