రాజీ: ఎవరి త్యాగము?

వ్యాజ్యమున గెలిచినవాడును కొంత పోగొట్టుకొనియే గెలుచును. కావున ఉభయులును తగ్గి రాజీపడుట లాభకరమని అర్థశాస్త్రజ్ఞులు లెక్కగట్టి చెప్పుదురు. మన పెద్దలకును ఇది తెలియనిది కాదు. కాని ఆ లెక్కలో ఒక ప్రశ్న మరుగునపడును. తగ్గుచున్నవాడు ఎవరు?

1893లో గాంధీజీ దక్షిణాఫ్రికాకు వెళ్ళినది దాదా అబ్దుల్లా అను వర్తకుని వ్యాజ్యము కొరకు. ప్రతివాదియైన తయ్యబ్ సేఠు ఆ వర్తకునకు బంధువే. వివాదము 40,000 పౌనులకు సంబంధించినది. ఖర్చులు ఉభయపక్షములను దహించుచుండగా గాంధీజీ వారిని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించిరి. అబ్దుల్లా గెలిచెను. ఐనను 37,000 పౌనులను, ఖర్చులను ఒక్కమారుగా చెల్లించుట తయ్యబ్ సేఠునకు శక్యము కాదు. దివాలాకంటె మరణమే మేలని తలచు సమాజము వారిది. గాంధీజీ వాయిదాలకు అబ్దుల్లాను ఒప్పించిరి. మధ్యవర్తిత్వమునకు ఒప్పించుటకంటె ఇదియే కష్టమైనదని ఆత్మకథలో వ్రాసిరి. ఇచట తగ్గినవాడు అబ్దుల్లా, సొమ్మును అతనిదే. కనుకనే అది ఔదార్యము.

ఐదూళ్ళు చాలునన్న ధర్మరాజు వదలుకొనజూచినది తన రాజ్యమును. అప్పటికిని రాయబారమునకు ముందు శ్రీకృష్ణుడు తమ్ములందరి మాటలను వినెను. కురులు చూపి సంధిని నిరసించిన ద్రౌపది మాటను సైతము వినెను.

హక్కు ఒకరిది, దానిని వదలుకొను అధికారము మరియొకరిది ఐనచో? 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాలులో యూనియన్ కార్బైడు కర్మాగారపు విషవాయువునకు వేలమంది బలియైరి. 1985లో పార్లమెంటు చేసిన శాసనము బాధితులందరి పక్షమున వ్యవహరించు అధికారమును కేంద్రప్రభుత్వమునకే అప్పగించెను. నిరుపేదలు విదేశీ సంస్థతో ఒంటరిగా పోరజాలరు గదా, ఉద్దేశమును తప్పుపట్టరాదు. కాని 300 కోట్ల డాలర్లకు పైగా కోరిన వ్యాజ్యము 1989 ఫిబ్రవరి 14న సర్వోన్నత న్యాయస్థానమున 47 కోట్ల డాలర్లకు ముగిసెను. బాధితులను అడిగినవారు లేరు. నేరవిచారణయు దానితోనే రద్దయ్యెను. 1991లో న్యాయస్థానము ఆ భాగమును మాత్రము తొలగించెను.

ఆలస్యము బాధితులకు మరియొక బాధ, త్వరగా చేతికందు కొంచెమే మేలు అను వాదము తేలికైనది కాదు. ఐనను ఆ మాటను పలుకు అర్హత ఊపిరాడక మంచముపట్టినవానిది. వాని నోట వచ్చినచో అది వివేకము; వానిని అడుగకయే అన్యులు పలికినచో బేరము. 1989 డిసెంబరులో అదే న్యాయస్థానము శాసనమును సమర్థించుచునే, రాజీకి ముందు బాధితులకు తెలుపవలసియుండెనని అంగీకరించెను.

మొత్తమును పెంచవలెనని ప్రభుత్వమే తరువాత కోరగా 2023 మార్చిలో ఆ కోరిక త్రోసివేయబడెను. లోటున్నచో దానిని పూరించు బాధ్యత సంక్షేమరాజ్యమైన ప్రభుత్వముపైననే ఉంచబడినదని న్యాయమూర్తులు జ్ఞాపకముచేసిరి.