నీసు తిన్న నోట శివనామం

పోలి పాడ్యమినాడు తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదలడంతో కార్తీక నియమం తీరిపోతుంది. నెలంతా నీసు ముట్టని ఇళ్లలో మళ్లీ చేప ఉడుకుతుంది. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం చుట్టుపక్కలా ఇదే వరస. మరి మొన్నటిదాకా కూడనిది ఇప్పుడెలా కూడుతుంది? చేప తిన్నవాడు శివుడికి దూరమైపోతాడా?

మొదటి జవాబు ఆ క్షేత్రం కథలోనే ఉంది. శివుడు ఇప్పచెట్టులో సవరలకు కనిపించి మధుకేశ్వరుడయ్యాడని అక్కడ చెప్పుకుంటారు. అడవిలో వేటాడి బతికేవాళ్ల తిండి చూసి స్వామి వెనుదిరగలేదు. శ్రీకాళహస్తి తిన్నడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. తాను రుచి చూసిన మాంసాన్నే నైవేద్యం పెట్టాడు. పూజారి అది అపచారమని కుమిలిపోయాడు, శివుడు మాత్రం ఆ బోయవాణ్ణి కన్నప్పను చేశాడు.

ఆచార్యులు ఈ విషయాన్ని తేలిగ్గా వదల్లేదు. ఆహారానికి మూడు దోషాలు ఉంటాయన్నారు రామానుజులు: పదార్థం స్వభావం వల్ల జాతి దోషం, అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్న దాన్నిబట్టి ఆశ్రయ దోషం, వెంట్రుకో పురుగో పడితే నిమిత్త దోషం. శంకరులు ఛాందోగ్య భాష్యంలో చూపును ఇంకా లోపలికి తిప్పారు. కళ్లూ చెవులూ లోపలికి తీసుకునేది కూడా ఆహారమేననీ, అందులో రాగద్వేషాలు కలవకపోవడమే శుద్ధి అనీ వివరించారు.

ఆచరణలో నీసు పెట్టే దారీ, పెట్టని దారీ పక్కపక్కనే నడిచాయి. కళింగనగరం నుంచి ఏలిన గంగవంశపు రాజు అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దంలో పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నాడు. అక్కడ జగన్నాథుడికి శాకాహారమే నైవేద్యం. అదే ప్రాంగణంలో విమలాదేవికి దసరా రోజుల్లో చేప, మాంసం పెడతారు.

ఇక కార్తీకం వెళ్లాక ఇంట్లో చేప వంట సంగతి. పనిరోజు రాత్రి తేలిగ్గా అయిపోయేది ఓవెన్‌లో పండుగప్ప. ముక్కల మీది తడిని పొడి గుడ్డతో బాగా అద్దాలి, లేకపోతే కాలకుండా నీళ్లలో ఉడికినట్టవుతాయి. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, కాస్త నూనె పట్టించి 200 డిగ్రీల వేడిలో పెడితే అంగుళం మందం ముక్కకు 12 నుంచి 15 నిమిషాలు చాలు. గాజులా కనిపించే కండ పాలలా తెల్లబడి, చెంచా మొనతో కదిపితే పొరలుగా విడిపోగానే దించి నిమ్మకాయ పిండాలి.

ఆ కాసేపట్లోనే రామానుజుల మాటను పరీక్షించి చూడొచ్చు. చేప తాజాదేనా, శుభ్రంగా కడిగారా అన్నది నిమిత్త దోషం ప్రశ్న. ఆశ్రయ దోషాన్ని మాత్రం మన సమాజం వంకరగా వాడుకుంది. కళింగపట్నం ఒడ్డున ప్రాణాలొడ్డి వల వేసేవాడి చేప తింటూ, ఆ మనిషినే తక్కువ చేసి చూసింది. శంకరులు చెప్పిన ద్వేషం పళ్లెంలోకి వచ్చేది అక్కడే. కార్తీకంలో చేప మానడం ఎవరికి వారు పట్టే వ్రతం, పక్కింటి పొయ్యిమీద తీర్పు కాదు.

జాతి దోషం ప్రశ్న మిగిలే ఉంది. ప్రాణి చచ్చే మాట నిజం, దాన్ని ఏ వాదమూ కప్పిపుచ్చకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట ఆపేస్తారు. కార్తీకంలో నెలరోజులు నోరు కట్టుకోగలిగిన భక్తులు ఆ 61 రోజులు గుడ్లతో ఉన్న చేపను కొనకుండా ఉంటే, ఆ నియమం మేలు చేపకూ దక్కుతుంది, మళ్లీ కడలికి వెళ్లే వేటగాడికీ దక్కుతుంది.