వస్త్రపు అంచును తాకిన స్త్రీ
(మార్కు 5:25-34)



పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ మనకు కొత్తది కాదు. పూజలో ఎన్నోసార్లు విన్నాం. ఆమె వైద్యుల చుట్టూ తిరిగింది. ఉన్నదంతా ఖర్చు చేసింది. జబ్బు ముదిరిందే గాని తగ్గలేదు. ఆనాటి ధర్మశాస్త్రం ప్రకారం ఆమె మైల. ఆమె పడుకున్న పడక మైల, దానిని తాకినవారు మైల (లేవీ 15:25-27). అందుకే ఎదురుగా వచ్చి అడగలేక, జనం మధ్య వెనుకగా వచ్చి ప్రభువు వస్త్రాన్ని తాకింది. స్వస్థత పొందింది.

ప్రభువు అంతటితో ఆమెను పోనివ్వలేదు. ఆగి, నన్ను తాకినదెవరని అడిగాడు. ఆమెను నలుగురిలో సిగ్గుపరచడానికా? కాదు. ఆమె వణుకుతూ వచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పుకొన్నప్పుడు 'కుమారీ' అని పిలిచాడు. జబ్బుతోపాటు ఆమె పన్నెండేళ్లుగా మోస్తున్న సిగ్గును కూడా తీసివేశాడు.

ఇప్పుడు మన ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో ఒక తల్లిని తలచుకొందాం. వయసు నలభై అయిదు. ముగ్గురు బిడ్డల తల్లి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి ఇరవై ఏళ్లు దాటింది. కలుపులు, నాట్లు, ఇంటి పని తప్ప వేరే లోకం లేదు. కొన్ని నెలలుగా తెల్లబట్ట ఎక్కువగా అవుతున్నది, దుర్వాసన వస్తున్నది. నెలసరి కాని రోజుల్లో కూడా రక్తం కనబడుతున్నది. కోడలు గమనించి, "అత్తా, ఒకసారి ఆసుపత్రికి పోయొద్దాం" అంటుంది. "నాకేమైందిమే, కూలి పోగొట్టుకొని పోయేదానికి? ఈ మాట మీ మామకు చెప్పబాకు" అంటుంది ఆ తల్లి. ఆమె బాధను జపమాలలో దేవమాతకు చెప్పుకొంటుంది, మనుషులకు చెప్పుకోదు. చివరకు నడుము నొప్పి భరించలేక నెల్లూరు వెళ్లేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది. మనలో ఎవరింటి కథ అయినా ఇదే కావచ్చు.

ఆ జబ్బు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఇది సోకింది. దాదాపు 80,000 మంది మరణించారు. ఇందులో మరింత బాధాకరమైన సంగతి ఒకటున్నది. ఇది రాత్రికి రాత్రి వచ్చిపడే జబ్బు కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ గర్భాశయ ముఖద్వారంలో ఏళ్ల తరబడి నిలిచిపోతే అక్కడి కణాలు మెల్లగా మారతాయి. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పది, పదిహేనేళ్లు పడుతుంది. అంటే దేవుడు మనకు పదేళ్ల గడువు ఇస్తున్నాడు. ఆ గడువులో నొప్పి ఉండదు, రక్తం ఉండదు, ఏ గుర్తూ ఉండదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కనుక బాగున్నప్పుడే పరీక్షకు వెళ్లాలి.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో తెలియక చాలామంది భయపడుతున్నారు. పల్లెల్లో ఎక్కువగా చేసేది తేలికైన పరీక్ష. శిక్షణ పొందిన నర్సు గాని, డాక్టరమ్మ గాని ముఖద్వారంపై పలుచని ఎసిటిక్ యాసిడ్ అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. వెనిగర్‌లో ఉండేది కూడా ఆ యాసిడే. మారిన కణాలు ఉంటే అక్కడ తెల్లని మచ్చ కనబడుతుంది. కోత లేదు, మత్తు లేదు. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అంతే. కణాలను తీసి చూసే పాప్ పరీక్ష, వైరస్‌ను గుర్తించే హెచ్‌పీవీ పరీక్ష కూడా ఉన్నాయి. మచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. ఆ దశలో చిన్న చికిత్సతోనే దానిని తొలగించవచ్చు.

ఇది ఫలించే పనేనా అని సందేహించేవారికి పొరుగునే సాక్ష్యం ఉన్నది. తమిళనాడులోని దిండిగల్ జిల్లా పల్లెల్లో 2000 నుండి 2003 వరకు 30-59 ఏళ్ల స్త్రీలకు నర్సులు ఈ పరీక్షనే ఒక్కసారి చేశారు. 2007లో ఫలితాలు చూస్తే, పరీక్ష జరిగిన పల్లెల్లో ఈ క్యాన్సర్ మరణాలు మూడింట ఒక వంతు తగ్గాయి. వారూ మనలాంటి కూలి తల్లులే. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకొన్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.

ఇక్కడ భర్తలతో ఒక మాట. హెచ్‌పీవీ దాంపత్య సంబంధం ద్వారా సోకే వైరస్. ఇది విని కొందరు భార్యను అనుమానిస్తారు. ఆ అనుమానానికి భయపడే కొందరు స్త్రీలు పరీక్షకు రారు. ఈ వైరస్ లోకంలో చాలా సాధారణం. ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకి, తెలియకుండానే పోతుంది. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుండి ఎవరికి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేరు. అది ఎవరి శీలానికీ కొలబద్ద కాదు. పుట్టుగుడ్డివానిని చూసి, పాపం చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగినప్పుడు, ఎవరూ కాదని ప్రభువే చెప్పాడు (యోహాను 9:1-3). ఆయన వేయని నిందను మనం వేయరాదు.

మరొక తప్పుదారి కూడా ఉన్నది. తెల్లబట్ట అయితే క్యాన్సర్ వస్తుందని భయపడి, ఏ పరీక్షా లేకుండానే చిన్న వయసులో గర్భసంచి తీయించుకోవడం. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటి. దేవుడిచ్చిన శరీరాన్ని నిర్లక్ష్యం చేయడం ఎంత తప్పో, భయంతో అనవసరంగా కోయించుకోవడమూ అంతే తప్పు. ముందు పరీక్ష, తరువాతే నిర్ణయం.

మన తెలుగు శ్రీసభకు ఈ విషయంలో ఒక గొప్ప తల్లి ఉన్నది. ఆస్ట్రేలియా దేశపు డాక్టర్ మేరీ గ్లోరీ. భారతదేశంలో తల్లులు, పసిబిడ్డలు వైద్యం లేక మరణిస్తున్నారని చదివి, 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో మఠకన్య అయింది. మగ డాక్టరు ముందుకు రాలేని స్త్రీలకు సేవ చేసింది. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. 1957లో తానే క్యాన్సర్‌తో ప్రభువులో నిద్రించింది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. స్త్రీ సిగ్గును గౌరవిస్తూనే ఆమె ప్రాణాన్ని కాపాడవచ్చునని ఆమె జీవితం చూపింది.

'ప్రార్థన చాలదా?' అనేవారు సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవండి. వైద్యుని సృష్టించినది దేవుడే. జబ్బుపడినవాడు ప్రార్థించాలి, వైద్యునికీ చోటివ్వాలి. రెండూ అక్కడే ఉన్నాయి.

కనుక ఈ వారం నాలుగు పనులు చేద్దాం.

ముప్పై దాటిన ప్రతి తల్లీ ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడిగి పరీక్ష ఎక్కడ చేస్తారో తెలుసుకోవాలి. ప్రభుత్వ నియమాల ప్రకారం 30 నుండి 65 ఏళ్ల వరకు అయిదేళ్లకొకసారి చేయించుకోవాలి. నెలసరి రోజుల్లో వెళ్లవద్దు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవారికీ ఇది అవసరమే.

పరీక్ష బాగున్నదని చెప్పినా, ముట్లు ఆగిన తరువాత గాని, దాంపత్యం తరువాత గాని రక్తం కనబడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

భర్త బస్సు చార్జీ ఇచ్చి, ఆ రోజు ఇంటి పని తాను చూసుకోవాలి. వీలైతే తోడు వెళ్లాలి. తొమ్మిది నుండి పద్నాలుగేళ్ల ఆడబిడ్డలున్నవారు హెచ్‌పీవీ టీకా గురించి డాక్టరును అడగాలి.

విచారణలోని స్త్రీలు నలుగురైదుగురు కలిసి వెళ్లండి. ఒంటరిగా వెళ్లడానికి సిగ్గుపడే తల్లి నలుగురితో కలిసి ధైర్యంగా వెళుతుంది.

ప్రార్థన: ప్రభువా, జనంలో దాగిన స్త్రీని గుర్తించి కుమారీ అని పిలిచావు. మా ఇళ్లలో మౌనంగా బాధపడే తల్లులకు నోరు తెరిచే ధైర్యమివ్వు. వారి మాట వినే మనసు మాకివ్వు. ఆమెన్.