ఉప్పురాయిలో ఆరు దిక్కులు

పరమాణువుకు ముక్కలు లేవని ఒప్పుకున్నాక, అది పక్కదానితో ఎలా కలుస్తుంది? పరమాణువాదులైన వైశేషిక దార్శనికులను బౌద్ధులూ వేదాంతులూ శతాబ్దాలపాటు నిలదీసిన ప్రశ్న ఇది.

వైశేషికానికి మూలపురుషుడైన కణాదుడి సంప్రదాయంలో పరమాణువు నిత్యం, విడదీయరానిది. రెండు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసు త్ర్యణుకమేనట. మరి ప్రళయం తర్వాత వీటిని మళ్లీ కదిలించేదెవరు? జీవుల పూర్వకర్మ వల్ల మిగిలిన అదృష్టం, అంటే కంటికి కనబడని శక్తి, అన్నారు పాతవాళ్లు. జడమైన అణువులు వాటంతటవి కూడవు కాబట్టి కూర్చే చేతనుడు ఉండాలని నైయాయికుడు ఉదయనుడు వాదించాడు. న్యాయకుసుమాంజలిలో దేవుడున్నాడనడానికి చూపిన హేతువుల్లో ఇదొకటి. మన అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలోనూ ఈశ్వరుడికి సృష్టించాలనిపించాకే పరమాణువుల్లో చలనం పుడుతుంది.

బౌద్ధుడైన వసుబంధుడు ఈ కథను మొదట్లోనే ఆపేశాడు. ఒక పరమాణువును ఆరు దిక్కుల నుంచి ఆరు పరమాణువులు ఒకేసారి తాకాయనుకుందాం. తూర్పున తాకింది పడమట తాకలేదు కదా, అంటే అణువుకు ఆరు భాగాలున్నట్టే. ఆరూ ఒకేచోట తాకాయంటారా? అప్పుడు ఏడు కలిసినా ఒక్క అణువంతే. ఆ లెక్కన కొండ కూడా కంటికి ఆనదు. వేదాంతి శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో ఇలాంటి తర్కాన్నే వాడి, మరో పోటు కూడా పొడిచాడు: ద్వ్యణుకాన్నీ దాని అణువులనూ కలిపి ఉంచే సమవాయం వేరే పదార్థమైతే, దాన్ని వాటికి కలపడానికి ఇంకో సమవాయం కావాలి, దానికి మరొకటి.

ఇక ఆధునిక విజ్ఞానానికి వస్తే, 1897లో భౌతికవేత్త థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొనడంతో రసాయన శాస్త్రపు పరమాణువుకు భాగాలున్నాయని తేలింది. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జతను పంచుకుంటాయని 1916లో రసాయనవేత్త లూయిస్ అన్నాడు. 1927లో హైట్లర్, లండన్ హైడ్రోజన్‌కు క్వాంటం లెక్క కట్టారు. రెండు కేంద్రకాల నడుమ ఎలక్ట్రాన్ల సాంద్రత పెరుగుతుంది, మొత్తం శక్తి తగ్గుతుంది. కేంద్రకాలు 0.074 నానోమీటర్ల దూరంలో కుదురుకుంటాయి. విడదీయాలంటే మోలుకు సుమారు 436 కిలోజౌళ్లు పెట్టాలి. ఈ లెక్కలో అదృష్టానికి పని లేదు. అసలు ఈ నియమాలే ఎందుకున్నాయని ఉదయనుడి పక్షంవాళ్లు అడగవచ్చు, అది వేరే వ్యాజ్యం.

కణాదుడికి ఇదంతా ముందే తెలుసని సభల్లో చెప్పేవాళ్లకు మాత్రం ఇక్కడ చిక్కే. ఆయన పరమాణువు పగలదు. ఈ పరమాణువుకు భాగాలున్నాయి కాబట్టే ఇంకోదానితో కలిసింది.

వసుబంధుడి ఆరు దిక్కుల బొమ్మ ఉప్పులో అచ్చంగా ఉంది. సోడియం ఒక ఎలక్ట్రాన్ వదులుకుంటుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఇద్దరూ దంపతుల్లా జంటగా ఉంటారనుకుంటాం. కానీ 1913లో లారెన్స్ బ్రాగ్ ఎక్స్ కిరణాలతో తేల్చిన నిర్మాణంలో జంటలే లేవు. ప్రతి సోడియం అయాను చుట్టూ కిందా పైనా నాలుగు పక్కలా ఆరు క్లోరైడులు, ప్రతి క్లోరైడు చుట్టూ ఆరు సోడియంలు, సుమారు 0.28 నానోమీటర్ల ఎడంలో.

హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఇది మింగుడుపడలేదు. 79 ఏళ్ల ఆ బ్రిటిష్ రసాయనవేత్త 1927లో నేచర్ పత్రికలో, ఈ చదరంగపు పలకలాంటి అమరిక రసాయన శాస్త్రమే కాదని మండిపడ్డాడు. ఆయన కోపం అర్థం చేసుకోదగ్గదే: బంధం ఉందంటే ఎవరికి ఎవరితో అని చెప్పగలగాలి కదా! స్ఫటికంలో ప్రతి అయానూ వ్యతిరేక ఆవేశమున్నవాటిని లాగుతుంది, తనవంటివాటిని నెడుతుంది. అన్నీ కూడితే లాగుడిదే పైచేయి. శంకరుడు నిలదీసిన సమవాయంలాంటి మూడో పదార్థం ఆ లెక్కలో ఎక్కడా రాదు. పాఠ్యపుస్తకాల్లో రెండు మూలకాల గుర్తుల మధ్య గీసే గీతకు ఉప్పులో చోటే లేదు.